ఆవాల చుట్టములను గుర్తుపట్టుట
(మెట్ట నేలల మొక్కలను గూర్చి పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

తొలకరి పడినంతనే తిరుపతి, చిత్తూరు ప్రాంతముల మెట్ట నేలలు రూపు మార్చుకొనును. అంతవరకు ఎండి వెలవెలబోయిన గుట్టల అంచులు, చెరువు కట్టలు, బండి బాటల ప్రక్కలు, పాటిదిబ్బలు పచ్చని మొక్కలతో నిండిపోవును. వానిలో కొన్నింటికి చిన్న పూవులు పూచి, సన్నని పొడవైన కాయలు కాచును. ఆకు నలిపి చూచినచో ఆవాలను తలపించు ఘాటైన వాసన వచ్చును. వీనినే మన పల్లెలలో వామింట, వాయింట, కుక్కవామింట, అడవి ఆవాలు అని ఒక్కొక్క ఊర ఒక్కొక్క పేరుతో పిలుచుచున్నారు.

కలుపు మొక్కల పేర్లతో పంచాయతీ సభ్యులకు పనియేమని కొందరు ప్రశ్నింపవచ్చును. పని గలదు. జీవవైవిధ్య చట్టము 2002లో వచ్చినది. దాని 41వ సెక్షను ననుసరించి ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయవలెను. ఊరిలోని పెద్దలను విచారించి, స్థానికముగా దొరకు మొక్కలు, జంతువులు, వాని ఉపయోగములు, వానిని గూర్చి ప్రజలకు గల తెలివి మొదలగువానిని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వ్రాయించుట ఆ కమిటీ ముఖ్య బాధ్యతయని 2004 నాటి నియమములు చెప్పినవి.

ఇట్టి రిజిస్టరు వ్రాయుటకు సభ్యులు కూర్చుండినారని అనుకొందము. ఒక వృద్ధురాలు "అడవి ఆవాలు మా అమ్మ పోపులో వేసేది" అని చెప్పినది. వ్రాయు యువకుడు ఆ మాటను వ్రాసికొని, మరునాడు చెరువు కట్టపై పసుపు పూలతో కనబడిన మరియొక మొక్కను ఫొటో తీసి, ఆ పేరు క్రిందనే అతికించినాడు. వృద్ధురాలు చెప్పినది కుక్కవామింట. యువకుడు ఫొటో తీసినది బలురక్కసి. మొదటిదాని గింజ పోపు గింజ. రెండవదాని గింజ ప్రాణము తీయు గింజ. రిజిస్టరులో ఈ రెండును ఒక్కటియైనచో, రేపు దానిని నమ్మి గింజలు ఏరుకొనువారి గతి యేమి? కావున పేరు వినినంత మాత్రమున మొక్కను వ్రాయరాదు. పూవును, కాయను, ఆకును చూచి, గుర్తులు సరిపోయిన తరువాతనే వ్రాయవలెను. ఆ గుర్తులు ఎట్టివో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

అసలైన ఆవాల కుటుంబము

మొదట ఇంటి ఆవ మొక్కను చూతము. కుటుంబమునకు పెద్దను ఎరిగినచో చుట్టములను పోల్చుకొనుట సులభము. మదనపల్లె, పలమనేరు వైపు రాగి చేలలోనో, పెరటి మడులలోనో నాలుగు ఆవ మొక్కలు వేసికొను రైతులు కలరు. ముల్లంగి, కాబేజి, కాలీఫ్లవరు కూడ ఈ కుటుంబములోనివే.

పూచిన ఆవ మొక్కను ఒకదానిని చేతికి తీసికొని ఈ గుర్తులను వరుసగా పరిశీలింపుడు.

పూవునకు నాలుగు రేకులుండును. అవి ఎదురెదురుగా, కూడిక గుర్తు వలె అమరియుండును. రేకుల నడుమ కేసరములు ఆరు. వానిలో నాలుగు పొడవైనవి, రెండు పొట్టివి. ఈ "నాలుగు పొడవు, రెండు పొట్టి" అను లెక్క ఆవాల కుటుంబమునకు ముద్ర వంటిది. కాయ పొడవుగా, సన్నగా ఉండి, కొనయందు ముక్కు వలె సాగియుండును. పండినపుడు రెండు పెచ్చులు క్రింది నుండి పైకి విడిపోవును. పెచ్చులు రాలిన పిమ్మట మధ్య పలుచని కాగితము వంటి తెర ఒకటి నిలిచి, దాని అంచుల వెంట గింజలు అంటియుండును.

నలిపినపుడు వచ్చు ఘాటునకు కారణము కూడ తెలిసికొనదగినది. ఈ మొక్కలలో గంధకముతో కూడిన ఒక పదార్థము ఒకచోటను, దానిని విడగొట్టు మరియొక పదార్థము వేరొకచోటను దాగియుండును. ఆకు గాని గింజ గాని నలిగినపుడు ఈ రెండును కలిసికొనును. అప్పుడే ఘాటైన నూనె పుట్టును. పురుగుల బారి నుండి తప్పించుకొనుటకు మొక్క చేసికొన్న ఏర్పాటు ఇది. పొడి ఆవగింజకు వాసన అంతగా లేకున్నను, నీరు చేర్చి నూరినంతనే ముక్కు పుటములు అదరుట మన ఇల్లాండ్రకు అనుభవమే.

అయితే ఈ ఘాటు ఒక్క ఆవాల కుటుంబమునకే పరిమితము కాదు. మునగ వేరును నలిపి వాసన చూచినను, బొప్పాయి గింజను కొరికినను అదే ఘాటు తగులును. మునగ, బొప్పాయి, ఆరిదొండ, వామింట - ఇవి యన్నియు ఆవాలతో కలిసి ఒకే పెద్ద వంశమునకు చెందినవని వృక్ష శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. కావున వాసన చుట్టరికమును తెలుపును గాని, ఏ చుట్టమో తెలుపజాలదు.

మన గుట్టలపై వామింటల రాజ్యము

ఆవాల కుటుంబములో ప్రపంచమంతట సుమారు 4,000 జాతులు గలవు. వానిలో ఎక్కువ భాగము చల్లని, సమశీతోష్ణ ప్రదేశములలో పెరుగును. మధ్యధరా సముద్ర తీరముల రాతి నేలలలోను, హిమాలయముల కొండ చరియలలోను వాని వైవిధ్యము మెండు. ఎండలు మండు మన శేషాచలము కొండల పాదములందును, నగరి కొండల చుట్టుప్రక్కలను, పడమటి మెట్టలలోని నల్లరాతి గుట్టలయందును ఆ కుటుంబపు అడవి మొక్కలు అరుదు. ఇక్కడి ఎర్ర గరప నేలలలో, బండల సందులలో ఆ స్థానమును ఆక్రమించినవి వామింటలు.

పూర్వము వృక్ష శాస్త్ర గ్రంథములలో వామింటలను ఆరిదొండ కుటుంబములో చేర్చుచుండిరి. ఇటీవలి కాలమున మొక్కల జన్యు పదార్థమును పరిశీలించిన పిమ్మట, వామింటలు ఆరిదొండ కంటె ఆవాలకే దగ్గర చుట్టములని తేలినది. నేడు వామింటలను ప్రత్యేక కుటుంబముగా పరిగణించి, ఆవాల కుటుంబమునకు తోబుట్టువుగా చెప్పుచున్నారు. గింజను చూచి "అడవి ఆవాలు" అని పేరిడిన మన పూర్వులు చుట్టరికమును సరిగనే పసిగట్టిరనవచ్చును.

వామింటలన్నింటిని ఆవాల నుండి వేరుచేయు గుర్తులు మూడు. మొదటిది ఆకు. ఆవ ఆకు ఒకే ఆకుగా ఉండి అంచులు చీలియుండును. వామింట ఆకు సాధారణముగా చేతి వ్రేళ్ళ వలె మూడు లేక ఐదు చిన్నాకులుగా విడియుండును. రెండవది పూవు. వామింట పూవునకును రేకులు నాలుగే. కాని అవి కూడిక గుర్తు వలె నాలుగు దిక్కులకు చాచియుండక, నాలుగును పై వైపునకే తిరిగియుండును. మూడవది కాయ. వామింట కాయ పగిలినపుడు నడుమ తెర యుండదు. అంచున దారము వంటి చట్రము మాత్రము మిగులును. ఈ మూడింటిని కంఠస్థము చేసికొన్నచో సగము పాఠము వచ్చినట్లే.

వామింట

దీని శాస్త్రీయ నామము క్లియోమె గైనాండ్రా. నేడు పలువురు శాస్త్రజ్ఞులు దీనిని గైనాండ్రాప్సిస్ అను పేరు క్రింద వ్రాయుచున్నారు. మోకాలి ఎత్తు మొదలు నడుము ఎత్తు వరకు పెరుగును. పెంట దిబ్బల వద్ద, పాడు గోడల ప్రక్కన, దున్నిన మెట్ట చేలలో విరివిగా కనబడును. ఆకులో సాధారణముగా ఐదు చిన్నాకులుండును. పూవులు తెల్లనివి, ఒకొకప్పుడు లేత గులాబి చాయ ఉండును.

దీనిని గుర్తించుటకు పూవు నడిమి భాగమును చూడవలెను. రేకుల మధ్య నుండి సన్నని కాడ యొకటి పైకి లేచును. ఆ కాడ నడుమ ఊదారంగు కాడలు గల ఆరు కేసరములు, గాలిలో వ్రేలాడుచున్నట్లు, అమరియుండును. ఆపైన కాయ పుట్టును. ఇట్టి అమరిక ఉన్న తెల్లపూల వామింటను చూచినచో మరి సందేహింప నక్కరలేదు.

వామింట ఆకు తినదగిన కూర. మన పెద్దలు దీనిని ఎరుగుదురు. ఆఫ్రికా ఖండమున అనేక దేశములలో దీనిని విత్తి, పండించి, సంతలలో అమ్ముచున్నారు. రుచి కొంచెము చేదు. కావున లేత ఆకును ఉడికించి, నీరు వార్చి, పప్పులోనో పులుసులోనో వేసికొనుట మేలు. ఈ మొక్కకు మరియొక విశేషము గలదు. జొన్న, మొక్కజొన్నల వలె ఎండ వేడిలోను, కొద్ది నీటితోను సమర్థముగా ఆహారము తయారు చేసికొను పద్ధతి దీనికి గలదు. శాస్త్రజ్ఞులు దీనిని సి-4 పద్ధతి యందురు. ఆవాలకు ఈ పద్ధతి లేదు. ఇతర కూరలు వాడిపోవు వేళ మెట్టలలో వామింట పచ్చగా నిలుచుటకు ఇది ఒక కారణము.

కుక్కవామింట

దీని శాస్త్రీయ నామము క్లియోమె విస్కోసా. విస్కోసా యనగా జిగురు గలది యని అర్థము. కాడను, ఆకును తాకినంతనే వ్రేళ్ళకు జిగురు అంటుకొనును. ఆ జిగురు మొక్కపై గల సన్నని నూగు కొనల నుండి వచ్చును. వాసన ఘాటు. ఆకులో మూడు నుండి ఐదు చిన్నాకులుండును. పూవులు పసుపు పచ్చనివి. వామింటలో చెప్పిన లేచిన కాడ దీనికి లేదు. కేసరములు పూవు అడుగు నుండియే గుంపుగా బయలుదేరును. వాని సంఖ్యయు ఆరు కాదు. తరచు పదికి మించును. కాయ నిలువుగా నిక్కి, నూగుతో జిగురుగా, పొడవునా గీతలతో ఉండును. గింజలు ఆవాల కంటె చిన్నవి. నత్త చుట్టు వలె వంకర తిరిగి, అడ్డగీతలు కలిగియుండును.

నగరి, సత్యవేడు ప్రాంతములలో తమిళము మాటలాడు వారు వామింటను నల్వేళై యనియు, కుక్కవామింటను నాయ్‌వేళై యనియు అందురు. నల్ యనగా మంచి. నాయ్ యనగా కుక్క. తెలుగువారును, తమిళులును కూరకు వచ్చు దానిని ఒక వైపును, రాని దానిని కుక్క పేరుతో మరియొక వైపును నిలిపిరి. ఇది గుర్తుంచుకొనుటకు మంచి సూత్రము.

కుక్కవామింట గింజలను ఆవాలకు బదులుగా పోపులో వాడుట మన దేశమున పలు చోట్ల గలదు. అడవి ఆవాలు అను పేరు దానివలననే వచ్చినది. అయితే ఒక హెచ్చరిక. చెవి పోటునకు ఈ ఆకు రసమును చెవిలో పిండుట పల్లెలలో పాత అలవాటు. ఈ రసము చర్మమును మండించి, బొబ్బలెక్కించు గుణము గలది. పసిపిల్లల లేత చెవులలో దీనిని పోయరాదు. రిజిస్టరులో ఈ వాడుకను వ్రాయునపుడు ఈ హెచ్చరికను కూడ ప్రక్కనే వ్రాయుట ధర్మము.

మరి రెండు వామింటలు

చెరువు గర్భములలో, తడి ఆరుచున్న పొలములలో గులాబిరంగు పూల వామింట యొకటి కనబడవచ్చును. దీని శాస్త్రీయ నామము క్లియోమె కెలిడోనీ. పూవులు ఆకర్షణీయముగా ఉండును; కేసరములు అనేకము. ఆకులో చిన్నాకులు ఐదుకు మించియు ఉండవచ్చును. ఇసుక, గరప నేలలలో చిన్న గులాబి పూలతో, చిన్నాకులుగా విడిపోని ఒంటి ఆకు గల వామింట మరియొకటి గలదు. దీని పేరు క్లియోమె మోనోఫిల్లా. ఆకు వ్రేళ్ళ వలె లేదని దీనిని వామింట కాదనుకొనుట పొరపాటు. కాయను చూడుడు. తెర లేని పొడవైన కాయయే దీని కులమును చెప్పును.

చుట్టము కాని పోలిక: బలురక్కసి

ఇక అన్నింటి కంటె ముఖ్యమైన భాగము. ఆవాలకు ఏ చుట్టరికము లేకున్నను, గింజ పోలికచే ఆవాలలో కలిసిపోవు మొక్క యొకటి మన ఊళ్ళలోనే గలదు. దాని పేరు బలురక్కసి. పిచ్చికుసుమ యనియు, బ్రహ్మదండి యనియు కూడ పిలుచుదురు. బ్రహ్మదండి యను పేరును ముండ్లుగల వేరొక మూలికకు కూడ వాడుట వలన ఇక్కడ పొరపాటునకు మరింత అవకాశము కలదు. దీని శాస్త్రీయ నామము ఆర్జిమోన్ మెక్సికానా. పేరే చెప్పునట్లు, దీని పుట్టిల్లు అమెరికా ఖండమునందలి మెక్సికో ప్రాంతము. ఇది గసగసాల కుటుంబమునకు చెందినది. నేడు మన బీళ్ళలో, రోడ్ల ప్రక్కన, ఎండిన ఏటి ఇసుకలలో పుట్టి, చలికాలము మొదలు వేసవి వరకు పూచి కాయుచున్నది.

మొక్కగా నిలిచియున్నపుడు దీనిని గుర్తించుట సులభము. ఆకులు బూడిద చాయ గల ఆకుపచ్చ రంగులో, అంచుల వెంట ముండ్లతో, తెల్లని ఈనెలతో ఉండును. కుసుమ ఆకును పోలియుండుటచే పిచ్చికుసుమ యన్నారు. కాడను విరిచినచో పసుపు పచ్చని పాలు కారును. ఆవాలకు గాని, వామింటలకు గాని ఇట్టి పాలు లేవు. పూవులు పసుపు పచ్చనివి, పెద్దవి. రేకులు తరచు ఆరు. కాయ పొడవుగా, సన్నగా ఉండదు; ముండ్లతో నిండి, పొట్టిగా ఉబ్బియుండి, పండినపుడు కొన వద్ద విచ్చుకొనును. ఒక్కొక్క కాయలో వందల కొలది గింజలుండును.

చిక్కంతయు గింజల వద్దనే వచ్చుచున్నది. కాయలు విచ్చి గింజలు రాలిన తరువాత ముండ్లు లేవు, పచ్చని పాలు లేవు. ఆవగింజల రాశిలో గుప్పెడు పడినచో సామాన్య దృష్టికి తెలియదు. ఆవాలు కోయు చేనిలో ఈ కలుపు ఉన్నను, నూర్చు కళ్ళములో దీని కాయలు పడినను, అత్యాశాపరులు తెలిసి కలిపినను ఫలితము ఒక్కటియే.

ఆ ఫలితము ఎట్టిదో దేశచరిత్ర చెప్పుచున్నది. 1877లో కలకత్తాలో జనులకు కాళ్ళు వాచి, ఊపిరి ఆడక, గుండె నీరసించు జబ్బు వ్యాపించినది. దీనికి ఎపిడమిక్ డ్రాప్సీ యని పేరు. చాలకాలము వరకు ఇది అంటువ్యాధి యనియు, చెడిన బియ్యము వలన కలుగుననియు పలువిధములుగా తలంచిరి. 1930వ దశకములో జరిగిన పరిశోధనల వలన అసలు దోషి ఆవనూనెలో కలిసిన బలురక్కసి నూనెయని స్థిరపడినది. ఆ నూనెలోని సాంగ్వినరిన్ అను విషము సన్నని రక్తనాళముల గోడలను చెడగొట్టి, నీరు బయటికి ఊరునట్లు చేయును. కారణము తెలిసిన తరువాతను ఈ జబ్బు ఆగలేదు. 1998లో దేశ రాజధాని ఢిల్లీలో కల్తీ ఆవనూనె వలన అరవై మందికి పైగా మరణించిరి. వేల మంది ఆసుపత్రుల పాలైరి.

మన ప్రాంతమున వంటకు వేరుసెనగ నూనె వాడుక ఎక్కువ. ఆవనూనె వాడువారు తక్కువ. అందుచే మనకు భయము లేదని ఊరకుండరాదు. మన ఇండ్లలో ప్రతిదినము పోపునకు ఆవాలు వాడుదురు. వేసవిలో ఆవకాయ పెట్టునపుడు ఆవాలను శేర్ల కొలది పొడి కొట్టుదురు. జబ్బు పెద్దగా వ్యాపించిన సందర్భములలో ఎక్కువ భాగము నూనె వలననే కలిగినను, విషపు గింజ ఉన్న ఆవపిండి మంచిదని ఎవరును చెప్పజాలరు. మామూలు వంట వేడికి విషము విరిగిపోవునని నమ్మరాదు.

గింజలను పరీక్షించు విధము

ఈ పరీక్షకు యంత్రములు అక్కరలేదు. ఒక తెల్ల కాగితము, మంచి వెలుతురు, వీలైనచో ఒక భూతద్దము చాలును.

గుప్పెడు ఆవాలను కాగితముపై పలుచగా పరవవలెను. ఆవగింజ గుండ్రముగా, చేతికి నునుపుగా తగులును. బలురక్కసి గింజ నల్లగా, గరుకుగా ఉండును. భూతద్దములో దానిపై వల అల్లినట్లు గుంటలు స్పష్టముగా కనబడును. ఒక ప్రక్క గట్టు వంటి గీత యుండును. అనుమానము కలిగిన గింజను వేరుచేసి, గట్టి బల్లపై ఉంచి గోటితోనో గరిటె అడుగుతోనో నొక్కవలెను. లోపల పసుపు పచ్చగా ఉన్నచో ఆవగింజ. తెల్లగా ఉన్నచో బలురక్కసి. ఆహార భద్రతాధికారులు కూడ గృహిణులకు చెప్పు పరీక్ష ఇదియే. రుచి చూచి పరీక్షించుట మాత్రము ఎన్నడును చేయరాదు.

నూనెలో కల్తీని కంటితో కనిపెట్టలేము. దానికి నత్రికామ్లముతో చేయు పరీక్ష గలదు గాని, అది ప్రయోగశాలలో తెలిసినవారు చేయవలసినది. ఇంట ప్రయత్నింపరాదు.

జబ్బు గుర్తులు

ఒకే ఇంట పలువురికి, లేక ఒకే అంగడిలో నూనె కొన్న పలు కుటుంబముల వారికి, ఒకేసారి రెండు కాళ్ళును వాచినచో దానిని తేలికగా తీసికొనరాదు. మొదట వాంతులు, విరేచనములు రావచ్చును. పిమ్మట కాళ్ళు వాచి, ఎర్రబడి, తాకిన నొప్పి పుట్టును. ఆయాసము వచ్చును. కొందరికి కంటిలో ఒత్తిడి పెరిగి చూపునకు ముప్పు కలుగును. ఈ విషమునకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. అందుచే అనుమానము కలిగిన వెంటనే ఆ నూనెను, ఆ ఆవాలను వాడుట మానవలెను. రోగులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేర్చవలెను. మిగిలిన నూనెను పారబోయక, సీసాలో మూతవేసి, వైద్యాధికారికిని, ఆహార భద్రతాధికారికిని చూపవలెను. ఆ సీసా మరి పది ఇండ్లను కాపాడవచ్చును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. రిజిస్టరులో మొక్క పేరు వ్రాయుటకు ముందు, చెప్పిన పెద్దనే వెంటబెట్టుకొని వెళ్ళి, ఆ మొక్కను వారి చేతనే చూపించుకొనవలెను. పేరు ఒకరు చెప్పుట, మొక్కను మరియొకరు వెదకుట పనికిరాదు.

2. పూవు, కాయ, ఆకు మూడును కనబడునట్లు వేర్వేరు ఫొటోలు తీయవలెను. పూవు, కాయ ఉన్న కొమ్మను పాత వార్తాపత్రిక మడతలలో ఉంచి, బరువు పెట్టి ఎండబెట్టవలెను. దానిపై ఊరు, స్థలము, తేది, స్థానిక నామము, చెప్పినవారి పేరు వ్రాయవలెను.

3. సందేహము తీరనిచో ఆ ఎండిన కొమ్మను తెలిసినవారికి చూపవలెను. 1954లో స్థాపింపబడిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున వృక్ష శాస్త్ర శాఖ గలదు. తిరుపతిలోని వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము కూడ మనకు చేరువలోనే ఉన్నవి. జిల్లా మొక్కలన్నింటిని వర్ణించు గ్రంథము 2008లో తిరుపతి నుండియే వెలువడినది.

4. ఒక పేరునకు రెండు మొక్కలున్నచో రెండింటిని వేర్వేరుగా వ్రాసి, ప్రతిదాని ప్రక్క శాస్త్రీయ నామమును చేర్చవలెను. ఆవ మొక్కకు, వామింటకు, కుక్కవామింటకు, బలురక్కసికి శాస్త్రీయ నామములు తొలుత ఇచ్చిన వాడు స్వీడను దేశపు లిన్నేయస్. ఆయన గ్రంథము 1753లో వెలువడినది. ఆ పేర్లలో కొన్ని తరువాత మారినను, ఏ పేరు ఏ మొక్కదో ప్రపంచమంతటికి స్పష్టముగా తెలియును. ఊరి పేరునకు ఆ కట్టుబాటు లేదు. అందుచే రెండును ఉండవలెను.

5. బలురక్కసిని కాయ పండక మునుపే పెరికించవలెను. విచ్చిన పిదప పెరికినచో విత్తనములను చల్లినట్లే యగును. ముండ్లు గ్రుచ్చుకొనకుండ చేతులకు గోనె ముక్క చుట్టుకొనవలెను. మొదట కళ్ళముల చుట్టును, ఆవ మడుల గట్లను, బడి ఆవరణలను శుభ్రపరుపవలెను.

6. వామింటను కలుపని అంతటను నిర్మూలింపరాదు. కూరకు వచ్చు మొక్క ఊరికి ఆస్తి. రోడ్ల ప్రక్కన, మురికి కాలువల వద్ద పెరిగిన దానిని విడిచి, మందులు చల్లని చోట పెరిగిన దానినే కోసికొనుమని చెప్పవలెను.

7. గ్రామసభ జరుగునపుడు, లేక బడి పిల్లలకు ఒక సాయంకాలము, ఈ నాలుగు మొక్కలను, వాని గింజలను బల్లపై ఉంచి చూపవలెను. విన్న పాఠము కంటె చూచిన పాఠము ఎక్కువ కాలము నిలుచును.

పాఠ సారాంశము

పసుపు పూవు కనబడినచో మొదట కాడ విరువుడు. పసుపు పాలు కారినచో అది బలురక్కసి. గింజను ఇంటికి తేరాదు. పాలు లేనిచో చేతికి జిగురు అంటునేమో చూడుడు. జిగురంటి, ఆకు వ్రేళ్ళ వలె ఉండి, నాలుగు రేకులును పై వైపునకే తిరిగియున్నచో కుక్కవామింట. జిగురు లేక, రేకులు కూడిక గుర్తు వలె ఉండి, కేసరములు నాలుగు పొడవు, రెండు పొట్టియైనచో ఆవ. తెల్లని పూవు నడుమ కాడ లేచి, దానిపై ఆరు ఊదా కేసరములు వ్రేలాడినచో వామింట.

పునశ్చరణ ప్రశ్నలు

1. ఆవకాయ, వామింట కాయ పగిలినపుడు లోపల కనబడు భేదమేమి?
2. వాసన నొక్కదానిని నమ్మి మొక్కను ఏల నిర్ణయింపరాదు?
3. ఆవగింజను, బలురక్కసి గింజను నొక్కి చూచినపుడు లోపలి రంగులెట్లుండును?
4. మీ పంచాయతీలో బ్రహ్మదండి యను పేరు ఎన్ని మొక్కలకు గలదు? విచారించి వ్రాయుడు.

నాలుగవ ప్రశ్నకు జవాబు ఏ గ్రంథములోను దొరకదు. అది మీ ఊరి పెద్దల నోట, మీ ఊరి గట్ల మీద ఉన్నది. ఆ జవాబు సరిగా వ్రాయబడిన నాడు, రిజిస్టరు కేవలము దస్త్రముగా నిలువక, ఊరి వారి ఆరోగ్యమునకు కాపుదలయగును.